కరెంటు కొట్టిన రాత్రి పెట్టే సంతకం



స్లాబ్ పోసే రోజు ఇంటి ముందు సందడి మీకు తెలిసిందే. మిల్లర్ తిరుగుతుంటుంది, తట్టలు పైకి పోతుంటాయి, మేస్త్రీ కేకలేస్తుంటాడు. ఆ సందట్లో ఎవరి కంటా పడనిది ఒకటుంది. వైబ్రేటర్‌కు కరెంటు తెచ్చే వైరు. ఈసారి దాని వెంట నడిచి చూడండి. పైనుంచి సలాకల మీదుగా, తడి కాంక్రీటు మీదుగా కిందికి దిగుతుంది. మధ్యలో రెండు మూడు చోట్ల అతుకులు. అతుకు మీద టేపు, టేపు అయిపోయిన చోట పాలిథిన్ ముక్క. చివరన ప్లగ్గు ఉండదు. రెండు తీగల కొసలు ఒలిచి సాకెట్లో దూర్చి, జారకుండా అగ్గిపుల్లలు బిగిస్తారు. ఎర్తుకు మూడో తీగ ఉండాలి కదా అంటారేమో, అది అసలు ఉండదు.

'మీటరు దగ్గర ఎంసీబీ ఉంది, ఏదన్నా అయితే పడిపోతది' అని ధైర్యం చెప్పేవాళ్ళుంటారు. ఎంసీబీ ఉన్నది వైరు కాలిపోకుండా కాపాడటానికి. 16 ఆంపియర్ల ఎంసీబీ, 16 ఆంపియర్ల దాకా కరెంటును పోనిస్తుంది. మనిషి గుండె లయ తప్పడానికి అందులో కొన్ని వెయ్యోవంతులు చాలు. మనిషి కోసం తయారైన పరికరం వేరే ఉంది, ఆర్‌సీసీబీ అంటారు. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, అది సరఫరా ఆపేస్తుంది. లక్షలు పోసి కట్టే ఇంటికి ఆ చిన్న డబ్బా ఖర్చు ఒక లెక్క కాదు. అయినా కట్టే చోట అది కనిపించడం అరుదు.

ప్రమాదాలను ఎలా ఆపాలన్నది మరో ప్రసంగానికి సరిపోయే సంగతి. ఈ పూట నేను మాట్లాడేది ప్రమాదం జరిగిన తర్వాతి సంగతి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో జరిగే సంగతి.

పాలకుర్తిలోనో, ఆ చుట్టుపక్కల ఊళ్ళోనో ఒక తాపీ మేస్త్రీకి కరెంటు కొట్టిందనుకుందాం. వయసు 35. జనగామ ఆసుపత్రికి తెచ్చారు, అక్కణ్ణుంచి వరంగల్ ఎంజీఎంకు పంపారు. రాత్రి పదింటికి ఇంటి యజమాని తరఫు మనుషులు ఇద్దరు వస్తారు. కూడా ఊరి పెద్దమనిషి ఒకరు. మాట మెత్తగానే ఉంటుంది. 'చూడమ్మా, జరగరానిది జరిగిపోయింది. కేసులంటే తిరగలేవు. సేటు మంచోడు, ఖర్చులకు లక్ష ఇస్తనంటున్నడు. ఈ కాగితం మీద వేలిముద్ర పెట్టు.' కాగితంలో ఏముంటుంది? 'ఇందుమూలంగా నాకు ముట్టినది, ఇకముందు నాకు ఎలాంటి హక్కు లేదు, ఎవరి మీదా కేసు పెట్టను' అని ఉంటుంది. మనిషి చనిపోతే పోలీసులకిచ్చే దరఖాస్తులో ఇంకో వాక్యం చేరుస్తారు: 'మాకు ఎవరి మీదా అనుమానం లేదు.' ఈ వాక్యం ఎవరి నోటినుంచి మొదలవుతుందో గానీ, రాసేవాడి కలానికి మాత్రం కంఠతా వచ్చు.

ఆ లక్ష రూపాయల పక్కన చట్టం వేసే లెక్క పెట్టి చూద్దాం.

పనిలో గాయపడ్డ కార్మికుడికి యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం మనకు 1923 నుంచే ఉంది. కార్మికుల నష్టపరిహార చట్టం అనేవారు, 2010లో ఉద్యోగుల నష్టపరిహార చట్టమని పేరు మార్చారు. 2025 నవంబర్ 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక అది సామాజిక భద్రతా కోడ్‌లో ఏడో అధ్యాయమైంది. అంతకు ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది. పేరు ఏదైనా లోపలి లెక్క ఒక్కటే. మనిషి చనిపోతే నెల జీతంలో సగం తీసుకుని, వయసును బట్టి చట్టం పట్టికలో ఇచ్చిన అంకెతో గుణిస్తారు. పూర్తిగా, శాశ్వతంగా పనికి దూరమైతే సగం బదులు 60 శాతం. లెక్కకు తీసుకునే నెల జీతం 2020 జనవరి 3 నుంచి గరిష్ఠంగా 15,000 రూపాయలు. 35 ఏళ్ళ వయసుకు పట్టికలో అంకె 197.06.

అంటే నెల సంపాదన 15,000కు తగ్గని మన మేస్త్రీ చనిపోతే 7,500ను 197.06తో గుణించాలి. 14,77,950 రూపాయలు. రెండు చేతులూ పోతే 9,000ను అదే అంకెతో గుణించాలి. 17,73,540. మణికట్టు దగ్గర ఒక చెయ్యి తీసేస్తే చట్టం పట్టికలో నష్టం 60 శాతం, అప్పుడు 10,64,124. పైగా వైద్యానికి అయిన అసలు ఖర్చు వేరే ఇవ్వాలి. వరండాలో చూపించిన లక్ష, ఈ మొత్తంలో ఎన్నో వంతో మీరే చూసుకోండి.

చెయ్యి సంగతి వచ్చింది గనుక ఒక తీర్పు చెప్పాలి. ఆ ప్రమాదం ఒడిశాలోని జయపురంలో, 1968 జులైలో జరిగింది. ఒక సినిమా హాల్లో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి కిందపడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం ఇది పాక్షిక నష్టమేనని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు గనుక అతనికి పోయింది నూటికి నూరు శాతమని కోర్టు తేల్చింది. 1976లో అచ్చయిన ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు అది. పరిహారం బాకీ పడేది దాన్ని తేల్చే అధికారి తీర్పిచ్చిన రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే అని కూడా అందులోనే చెప్పారు. యాభై ఏళ్ళయినా ఈ తీర్పును వాడుతూనే ఉన్నారు. తాపీ పట్టే కుడిచెయ్యి పోయిన మేస్త్రీ, సలాకలు వంచే సెంట్రింగ్ మనిషి, 'నాది 60 శాతం కాదు, నూరు శాతం' అని వాదించుకోవచ్చు. వాదించుకోవాలంటే, నువ్వు చేసేది ఏ పనో డాక్టరు సర్టిఫికెట్లో సరిగ్గా రాయించుకోవాలి.

కరెంటు గాయంలో ఒక మోసం ఉంది. పైకి అరచేతిలో రూపాయి బిళ్ళంత మచ్చ, పాదం దగ్గర ఇంకో మచ్చ, అంతే కనిపిస్తుంది. లోపల కండరం, నరం దారి పొడుగునా కాలి ఉంటాయి. కండరం చెడి మూత్రపిండాల మీద పడొచ్చు, గుండె లయ తప్పొచ్చు. రెండో రోజు బాగానే ఉన్నాడని ఇంటికి తెచ్చుకున్న మనిషికి వారం తర్వాత వేళ్ళు తీసేయాల్సి రావచ్చు. అందుకే తొందరపడి రాజీ కుదుర్చుకోవడం ఏ రకంగా చూసినా నష్టమే. ఎంత పోయిందో తెలియకముందే ధర కట్టేసినట్టవుతుంది. ఆసుపత్రిలో చేరేటప్పుడు 'పని చేస్తుండగా కరెంటు షాక్' అని కేసు షీటులో రాయించండి. 'ఇంట్లో షాక్' అని ఎవరో తెలిసీ తెలియక చెబితే, దాన్ని సరిదిద్దడానికి ఏడాది పడుతుంది.

ఇక అందరూ అడిగే ప్రశ్న. 'తప్పు మావోడిదే సార్. చెప్పుల్లేకుండ తడిల నిలబడి వైరు ముట్టుకున్నడు. ఇస్తరా మరి?' ఇస్తారు. ఈ చట్టంలో యజమాని తప్పు నిరూపించాల్సిన పని లేదు. పని వల్ల, పని జరుగుతుండగా ప్రమాదం జరిగిందా లేదా అన్నదే ప్రశ్న. అజాగ్రత్త అన్నది యజమానికి సాకు కాదు. తాగి ఉన్నాడనో, రక్షణ కోసం పెట్టిన ఆదేశాన్ని కావాలనే ధిక్కరించాడనో యజమాని అనొచ్చు. ఆ మాట కూడా మనిషి చనిపోయినప్పుడు, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినప్పుడు చెల్లదు.

దానికంటే పెద్ద చిక్కు మన ఊళ్ళలో ఇంకొకటుంది. పనికి తీసుకుపోయే గుత్త మేస్త్రీ మనవాడే. పక్క వాడవాడు, బావ వరసో మామ వరసో అవుతాడు. ఉప్పల్ అవతల అపార్ట్‌మెంట్ పనికి మన పిల్లల్ని తీసుకుపోయింది అతనే. ప్రమాదం జరిగితే ఆసుపత్రికి మోసుకొచ్చిందీ అతనే. అతని మీద కేసు పెట్టాలంటే చెయ్యి రాదు. పెట్టినా వసూలయ్యేదేముంది, వాడూ కూలివాడే. ఇది తెలిసే కాబోలు, చట్టం ఒక దారి ఉంచింది. తన వ్యాపారంలో భాగంగా పనిని గుత్తేదారుకు అప్పగించిన బిల్డరు, కంపెనీ, ఆ గుత్తేదారు తెచ్చిన కూలీకి కూడా పరిహారం ఇవ్వాలి. ఇచ్చాక కావాలంటే గుత్తేదారు దగ్గర వసూలు చేసుకుంటాడు, అది వాళ్ళిద్దరి లెక్క. కాబట్టి దరఖాస్తులో బిల్డరు పేరు తప్పకుండా ఉండాలి. పేరు తెలియకపోతే సైటు ముందు పెట్టిన బోర్డును ఫోన్‌లో ఫొటో తీయండి. అనుమతి నంబరుతో సహా దాని మీదే ఉంటుంది.

సొంతిల్లు కట్టుకునే మామూలు మనిషి విషయం కొంచెం వేరు. ఇల్లు కట్టడం ఆయనకు వ్యాపారం కాదు. రోజుకూలి తానే ఇచ్చి పని చేయించుకుంటే యజమాని ఆయనే. మొత్తం పనిని మేస్త్రీకి గుత్తకిస్తే మాత్రం, నేను యజమానిని కాదని వాదిస్తాడు. అలాంటప్పుడు ఆయన ఇచ్చిన కరెంటు లైను లోపం మీద, ఆయన నిర్లక్ష్యం మీద సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఒకే యజమాని మీద అటు కార్మిక శాఖలోనూ, ఇటు సివిల్ కోర్టులోనూ రెండు చోట్లా అడగడం కుదరదు. ఒక దారి ఎంచుకోవాలి. తప్పు నిరూపించనక్కర్లేని దారి ఉన్నప్పుడు నేనైతే దాన్నే ఎంచుకోమంటాను.

ఎక్కడ వేయాలి? హైదరాబాద్‌లో ప్రమాదం జరిగితే హైదరాబాద్ తిరగాలా అని భయపడి ఊరుకునేవాళ్ళు ఎందరో. అక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోట వేయొచ్చు, బాధితుడు గానీ చనిపోయినవాడి మీద ఆధారపడ్డవాళ్ళు గానీ మామూలుగా నివసించే చోటా వేయొచ్చు. సూరత్‌లో జరిగినా, పుణెలో జరిగినా పాలకుర్తి మండలం వాళ్ళు మన వైపు కార్మిక శాఖ అధికారి దగ్గరే వేసుకోవచ్చు. గడువు రెండేళ్ళు. దాటినా తగిన కారణం చూపిస్తే తీసుకునే అధికారం ఆయనకుంది, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. పరిహారం నెలలోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా. మన మేస్త్రీ కుటుంబానికి రావలసిన దాని మీద వడ్డీ ఒక్కటే ఏడాదికి 1,77,354 రూపాయలు. యజమానికి బీమా పాలసీ ఉంటే పరిహారం, వడ్డీ మామూలుగా బీమా కంపెనీ కడుతుంది, జరిమానా మాత్రం యజమాని జేబులోంచే పోవాలి. ఈ సంగతి యజమానులకు ఎవరైనా చెబితే బాగుండును. ముందే పాలసీ తీసుకుంటే రాత్రిపూట పెద్దమనుషుల్ని పంపే పని వాళ్ళకూ తప్పుతుంది.

కొన్నాళ్ళు మంచాన పడి మళ్ళీ కోలుకునే వాళ్ళకూ ఉంది. పనికి పోలేని కాలానికి పదిహేను రోజులకోసారి నెల జీతంలో నాలుగో వంతు చొప్పున, అయిదేళ్ళకు మించకుండా ఇవ్వాలి.

పది మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థల్లో ఈఎస్ఐ ఉంటే అక్కడి లెక్క వేరు, పెన్షన్‌లాగా నెలనెలా వస్తుంది. అప్పుడు ఈ పరిహారం అడగడానికి వీల్లేదు. జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉందేమో చూసుకోండి.

రుజువుల మాట. 'నాకు కార్డు లేదు, కాగితం లేదు, నేను వాడి దగ్గర పనిచేసిన్నని ఎట్ల చెప్పాలె?' చేతిలో ఫోనుంది కదా. మేస్త్రీ వారంవారం ఫోన్‌పేలో పంపిన కూలి డబ్బుల వివరం సాక్ష్యమే. 'రేపు పొద్దుగాల ఏడింటికి రాండ్రి' అని పంపిన వాయిస్ మెసేజ్ సాక్ష్యమే. తోటి కూలీల మాట సాక్ష్యం. కూలి ఎంతో తేలకపోతే, నిర్మాణ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనాన్ని ఆధారంగా పట్టుకోవచ్చు. అన్నిటికంటే ముందు ప్రమాదం జరిగిన చోటు ఫొటోలు. ఆ రోజే తీయాలి. మర్నాటికల్లా అతుకుల వైరు మాయమై, కొత్త కేబులు వచ్చి కూర్చుంటుంది.

పైన వెళ్ళే లైను తగిలిన ప్రమాదాలు మరో రకం. రెండో అంతస్తులో సలాక ఎత్తి తిప్పుతుండగా 11 కేవీ తీగకు తాకడం మన ఊళ్ళలో తరచూ వినే కథే. సలాక తీగను ముట్టక్కర్లేదు, దగ్గరికి వస్తే చాలు, కరెంటు దూకుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం ఇలాంటి లైనుకూ భవనానికీ మధ్య పక్కనుంచి 1.2 మీటర్లు, పైనుంచి 3.7 మీటర్ల ఎడం ఉండాలి. ముందే లైను ఉన్న చోట ఇల్లు కట్టేవాళ్ళు విద్యుత్ సంస్థకూ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కూ ముందుగా రాసివ్వాలి. ఇంటాయన రాయడు, లైన్‌మన్ చూసీ చూడనట్టు పోతాడు, సలాక పట్టుకున్నవాడు పోతాడు. మన ప్రాంతానికి కరెంటిచ్చేది హనుమకొండ కేంద్రంగా ఉన్న ఎన్‌పీడీసీఎల్. ప్రమాదం జరిగితే విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలి, ఆయన విచారణ జరపొచ్చు. ఆ నివేదిక చాలా కేసుల్లో తీర్పును అటో ఇటో తిప్పేస్తుంది. విచారణకు వచ్చినప్పుడు బాధితుడి తరఫు మనిషి ఒకరు అక్కడ నిలబడి, లైను ఎంత ఎత్తులో ఉందో కొలిపించాలి.

విద్యుత్ సంస్థ బాధ్యత గురించి 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పొకటి గుర్తుంచుకోవాలి. మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు, శైల్ కుమారి కేసు. వాన నీళ్ళు నిలిచిన రోడ్డు మీద పడి ఉన్న తీగ తగిలి సైకిల్ మీద వెళ్తున్న మనిషి చనిపోయాడు. ఎవరో దొంగ కరెంటు కోసం తీగ లాగారని, తమ తప్పు లేదని బోర్డు వాదించింది. ఇంత ప్రమాదకరమైన సరుకుతో వ్యాపారం చేసేవాడు, బయటివాడు చేశాడని చెప్పి తప్పించుకోలేడని కోర్టు అంది. విద్యుత్ సంస్థ నుంచి అడిగేది వేరు, యజమాని ఇవ్వాల్సింది వేరు.

పోలీసు కేసు కూడా వేరే దారి. నిర్లక్ష్యం వల్ల మరణమైతే భారతీయ న్యాయ సంహిత 106, గాయమైతే 125 సెక్షన్లు. ఫిర్యాదులో కథ క్లుప్తంగా ఉండొద్దు. ఎవరు పనికి పిలిచారు, మిషను ఎవరిది, కరెంటు ఎక్కణ్ణుంచి తీశారు, ఎర్తు ఉందా, ఇవన్నీ రాయండి. 'అనుమానం లేదు' అన్న వాక్యం మాత్రం మీ నోట రాకపోతే కాగితం మీదికి రానివ్వకండి. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి.

వీటికి తోడు చిన్నవి రెండు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు. 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్ళెవరైనా చేరొచ్చు. కట్టడాల మీద వసూలు చేసే ఒక శాతం సెస్సుతో నడిచే నిధి అది. బోర్డు ఇచ్చే సాయం మొత్తాలు ప్రభుత్వ ఉత్తర్వులతో పెరుగుతుంటాయి. కార్డు రెన్యువల్ తేదీ దాటిందేమో చూసుకోండి. రెండోది, బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. ఆ 20 రూపాయలు కట్ అయినట్టు మనిషి పోయాక కూడా ఇంట్లోవాళ్ళు గమనించరు. పాస్‌బుక్ తీసి చూడండి. ఈ రెండూ వచ్చాయని యజమాని ఇచ్చేది తగ్గదు.

లాయరు ఫీజు గురించి భయం వద్దు. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. జనగామ కోర్టులో న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కోర్టు మెట్లు మనకెందుకనే మాట పాలకుర్తిలో అంటే నాకు నవ్వొస్తుంది. ఈ ఊళ్ళోనే చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌తో తలపడ్డప్పుడు ఆ తగాదా పొలంలోనే కాదు, కోర్టులో కూడా నడిచింది.

మళ్ళీ ఆ రాత్రి కాగితం దగ్గరికి వద్దాం. సంతకం పెట్టేశాం, లక్ష తీసుకున్నాం, ఇక అయిపోయినట్టే కదా అని అడిగేవాళ్ళున్నారు. అయిపోలేదు. పరిహారం హక్కు వదులుకుంటానని రాసిచ్చిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు. రాజీ చేసుకుంటే దాన్ని కార్మిక శాఖ అధికారి దగ్గర నమోదు చేయించాలి, మొత్తం మరీ తక్కువైతే నమోదు చేయనని ఆయన అనొచ్చు. మనిషి చనిపోయిన కేసులో యజమాని డబ్బును అధికారి దగ్గరే జమ చేయాలి. ఇంటికి తెచ్చి చేతిలో పెట్టింది పరిహారం చెల్లించినట్టు కాదు, బయానాగా ఇచ్చిన మూడు నెలల జీతం దాకా మాత్రమే లెక్కలో కోసుకోనిస్తారు.

కాబట్టి ఇంట్లో పెట్టె అడుగున ఆ స్టాంపు కాగితం నకలు ఉంటే చింపేయకండి, దరఖాస్తుతో పాటు పట్టుకురండి. అందులో మీ హక్కులు వదులుకున్నట్టున్న భాగానికి విలువ లేదు. కానీ పైన మొదటి పేరాలో, 'నా ఇంటి స్లాబ్ పనిలో కూలికి వచ్చి ఫలానా తేదీన కరెంటు షాక్‌కు గురైనందున' అని ఉంటుంది, కింద యజమాని సంతకం ఉంటుంది. మీవాడు ఎవరి దగ్గర పనిచేశాడో రుజువు చేయడానికి మీరు వెతుక్కుంటున్న సాక్ష్యం అదే.